పెద్ద సంస్థల నడుమ చిన్న గృహనిర్మాత

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వైపునకు బస్సులో పోవు మన విద్యార్థులు కంది, రుద్రారం, ఇస్నాపూర్, ముత్తంగి దాటునప్పుడు రహదారికి ఇరువైపుల నిలిచిన ప్రకటన ఫలకములను నిత్యము చూచుచునే యుందురు. వానిపై మేఘములనంటు భవనములు, ఈత కొలనులు, పచ్చిక బయళ్ళు, చిరునవ్వు నవ్వు దంపతులు కనిపింతురు. ఆ ఫలకముల వెనుక నున్న సందులలోనికి దృష్టి సారించినచో వేరొక దృశ్యము కానవచ్చును. నూట ఇరువది గజముల స్థలములో పిల్లర్లు లేచియుండును. ఇసుక కుప్ప ప్రక్కన నీటి డ్రమ్ము, దానిపై ఆరవేసిన తువ్వాలు. మోటారు సైకిలుపై వచ్చిన మేస్త్రీ గుండుదారము వ్రేలాడదీసి గోడ నిలువును పరీక్షించుచుండును. ఆ ఫలకము వేయించినవారును, ఈ గుండుదారము పట్టినవాడును చేయునది ఒకే వ్యాపారము. ఇరువురు అమ్మునది ఇల్లే.

గత విద్యాసంవత్సరమున మా వాణిజ్యశాస్త్ర విభాగపు విద్యార్థి యొకడు ఫీజుకు గడువు కోరుచు నా వద్దకు వచ్చెను. అతని తండ్రి ఇరువది యేండ్లుగా బీరంగూడ, అమీన్‌పూర్ ప్రాంతములలో ఇండ్లు కట్టించినవాడని నాకు తెలియును. పని ఏమైనదని అడిగితిని.

“మా అబ్బా ఇప్పుడు ఒక కంపెనీల సూపర్‌వైజర్‌గ పోతున్నడు సార్. పెద్దోళ్ళతోని మనమెట్ల కొట్లాడుతం?” అని ఆ బాలుడు తల వంచుకొనెను.

ఆ ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ వ్యాసము. మన కళాశాలలో చదువు పిల్లలలో సుతారుల బిడ్డలు, సెంట్రింగు పనివారి బిడ్డలు, విద్యుత్ పనివారి, నల్లా పనివారి బిడ్డలు ఎందరో కలరు. కనుక ఇది మనకు పరాయి విషయము కాదు.

ముందుగా ఈ ప్రాంతము ఇంతగా ఎట్లు పెరిగినదో కొంత చెప్పవలెను. 1960వ దశకములో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన కేంద్రము ఇక్రిశాట్ ఏర్పడినది. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పుట్టిన పిమ్మట పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు విస్తరించినవి. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వచ్చినది. ఆ పెద్ద కర్మాగారములు తమ ఉద్యోగులకు క్వార్టర్లు కట్టించినవి. కాని గుత్త కూలీలకు, లారీ డ్రైవర్లకు, చిన్న దుకాణదారులకు, పెద్ద కర్మాగారముల చుట్టు పుట్టిన చిన్న కార్ఖానాల పనివారికి క్వార్టరు ఎవరిచ్చెదరు? వారు వాయిదాలపై నూరు, నూట ఏబది గజముల ప్లాటు కొని, నాలుగేండ్లు కూడబెట్టి, ఎరిగిన సుతారిని పిలిచి రెండు గదులు వేయించుకొనిరి. ఈ ప్రాంతములోని బస్తీలు అనేకము ఆ విధముగా ఒక్కొక్క గదిగా పెరిగినవే.

సందర్భము వచ్చినది గనుక ఒక మాట. ఈ పనిలోని పదములను గమనించినచో మన సంచికలోని రెండు భాషలు ఎప్పుడో కలిసి ఇల్లు కట్టుకొన్నవని తెలియును. పునాది పారసీకపు ‘బునియాద్’ నుండి వచ్చినది. దర్వాజ, గజము, నక్షా ఆ త్రోవననే వచ్చినవి. మేస్త్రీ అను మాట పోర్చుగీసు వారిది. కడప, దూలము, సున్నము, ఇటుక మనవే. నిరక్షరాస్యుడైన సుతారి ఈ మాటలన్నిటిని ఒకే వాక్యములో తడబాటు లేక వాడును.

బాహ్య వలయ రహదారి వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 158 కిలోమీటర్ల ఆ రహదారి ముత్తంగి వద్ద మన జాతీయ రహదారిని దాటుచున్నది. 2008లో స్థాపితమైన ఐ.ఐ.టి. హైదరాబాద్ మొదట ఎద్దుమైలారములో నడిచి, పిదప కందిలోని సొంత ప్రాంగణమునకు చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినది. తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్‌లలో భూమి ధర కార్మికుని చేతికి అందని ఎత్తునకు పోయినది. నగరపు పెద్ద నిర్మాణ సంస్థలు వరుసగా దిగినవి. చిన్న నిర్మాత వెనుకబడినది ఈ ఘట్టముననే.

వెనుకబడుటకు కారణ మేమి? ఏ మేస్త్రీని అడిగినను ఒకటే చెప్పును: పెద్దవారు సిమెంటు, స్టీలు వందల టన్నులు ఒక్కసారి కొందురు, వారికి చౌకగా పడును, మనకు పడదు. ఈ మాటను నేనును చాలకాలము నమ్మితిని. ఆ విద్యార్థిని కూర్చుండబెట్టుకొని అతని తండ్రి చివరగా కట్టిన ఇంటి లెక్క తీయునంత వరకు నమ్మితిని.

లెక్క యనుటకు అక్కడ ఏమియు లేదు. ఒక ప్లాస్టిక్ సంచిలో దుకాణముల చీటీలు, కూలీల హాజరు వ్రాసిన పాత డైరీ, ఫోనులో కొన్ని చెల్లింపు సందేశములు. వానిని తేదీల వారీగా పేర్చుటకే రెండు ఆదివారములు పట్టినవి. ఆ కుటుంబపు సొంత అంకెలు ఇచ్చట వ్రాయుట మర్యాద కాదు. గుండ్రని అంకెలతో అదే విషయము చూపెదను.

1,500 చదరపు అడుగుల ఇల్లు అనుకొందము. పనివారి వాడుక లెక్క ప్రకారము చదరపు అడుగునకు సుమారు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల స్టీలు పడును. అనగా 600 బస్తాలు, 6 టన్నులు. పెద్ద సంస్థకు బస్తాకు 30 రూపాయలు, కిలో స్టీలుకు 2 రూపాయలు తక్కువకు దొరకినదనుకొందము. సిమెంటుపై 18,000, స్టీలుపై 12,000, మొత్తము 30,000 రూపాయల లాభము వారికి గలదు. ఇక పెట్టుబడి సంగతి. చిన్న నిర్మాత 20 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. నూటికి నెలకు రెండు రూపాయలనగా సాలుకు 24 శాతము. నెలకు 40,000. ఎనిమిది నెలలలో ఇల్లు ముగిసినచో 3,20,000. అదే మొత్తము సాలుకు 10 శాతమునకు దొరకువానికి ఎనిమిది నెలలకు సుమారు 1,33,000 మాత్రమే యగును. తేడా 1,87,000. సిమెంటు, స్టీలులలో పోగొట్టుకొన్న దానికి ఇది ఆరు రెట్లు! పైగా ఇసుక రాలేదనియో, సెంట్రింగువాడు మరొక చోటికి పోయినాడనియో నాలుగు నెలలు జాగైనచో ఇంకొక 1,60,000 వడ్డీకే చెల్లును.

ఈ లెక్క చూచి ఆ తండ్రి చాలసేపు మాటాడలేదు. ఇరువది యేండ్లు సిమెంటు దుకాణదారునితో బస్తాకు ఐదు రూపాయలకై వాదించిన మనిషి ఆయన.

పన్నుల విషయములో కూడ పెద్దవారికి గొప్ప మేలు గలదని అపోహ కలదు. 2019 ఏప్రిల్ 1 నుండి నిర్మాణములో నున్న నివాస గృహములపై జి.ఎస్.టి. 5 శాతము, చౌక గృహములపై 1 శాతము అయినది. దానికి బదులుగా సిమెంటు, స్టీలులపై కట్టిన పన్నును తిరిగి పొందు సదుపాయము తీసివేయబడినది. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరులో 28 నుండి 18 శాతమునకు తగ్గినప్పుడు ఆ మేలు ఇరువురికిని సమానముగానే దక్కినది. ఇంకొకటి చిన్నవారిలో పలువురికి తెలియదు. యజమాని తానే సామగ్రి కొని యిచ్చి, విడిగా నున్న ఒక్క ఇంటికి కేవలము కూలి గుత్తకు పని చేయించుకొన్నచో ఆ కూలిపై జి.ఎస్.టి. లేదు.

కనుక పెద్ద సంస్థ అసలు బలము చౌక సిమెంటులో లేదు, చౌక ధనములో నున్నది. కొనుగోలుదారుల వాయిదాలు ముందే చేతికి వచ్చును. బ్యాంకు అప్పు తక్కువ వడ్డీకి వచ్చును. చిన్న నిర్మాతకు బ్యాంకు ఎందుకు ఇయ్యదు? లెక్కల పుస్తకము లేదు, ఆదాయపు పన్ను పత్రములు లేవు, కట్టిన ఇండ్లకు ఆధారములు లేవు. ఇరువది ఇండ్లు నిలిచియున్నవి, కాని అవి తానే కట్టినట్లు చూపుటకు ఒక్క కాగితము లేదు.

ఇందులకు ఒక మార్గము ఈ ప్రాంతముననే కొందరు అనుసరించుచున్నారు. స్థలము కొని, ఇల్లు కట్టి, కొనువానికై ఎదురు చూచుట మాని, స్థలమున్న యజమానికే కట్టియిచ్చుట. యజమానికి బ్యాంకు ఇచ్చు గృహఋణము ఒక్కసారిగా రాదు. పునాది, స్లాబు, గోడలు అను దశల ప్రకారము విడుదలగును. నిర్మాత తన చెల్లింపు దశలను బ్యాంకు దశలతో సరిపోల్చి వ్రాయించుకొన్నచో తాను అప్పు తేవలసిన పని చాలవరకు తప్పును. పెద్ద సంస్థతో సమానమైన చౌక ధనమే ఆయనకు యజమాని ద్వారా అందును. లాభము తక్కువ కనిపించవచ్చును గాని రాత్రి నిద్ర పట్టును.

ఇక చిన్నవాని సహజ బలము లేమిటో చూతము. మొదటిది, చిన్న స్థలము. నూట ఏబది గజములలో ఒక ఇల్లు కట్టుటకు పెద్ద సంస్థ రాదు. వారి కార్యాలయపు ఖర్చులు కూడ గిట్టవు. ఈ రంగములో పోటీ వారితో కాదు, తోటి చిన్నవారితోనే. చట్టము కూడ ఇక్కడ కొంత సులభము. 2016 నాటి రెరా చట్టము ప్రకారము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు మించని స్థలములోని కట్టడములకు గాని, 8కి మించని ఇండ్ల కట్టడములకు గాని నమోదు అక్కరలేదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టము 75 గజముల వరకు గల స్థలములో ఒక అంతస్తు ఇంటికి అనుమతియే అవసరము లేదనినది. ఒక్క రూపాయితో నమోదు చాలును. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి ఇచ్చు ఏర్పాటు చేసినది.

రెండవది, మార్పునకు వీలు. పెద్ద సంస్థలు ఎత్తైన భవనములకు అల్యూమినియము అచ్చులు బిగించి గోడలు, స్లాబు కలిపి కాంక్రీటుతో పోయుదురు. వేగమునకు అది సాటిలేనిది. కాని ఆ అచ్చుల ఖరీదు గిట్టవలెనన్న ఒకే నక్షా వందల మారులు పునరావృతము కావలెను. అందులో వంటగది జరుపుమన్నను, కిటికీ పెంచుమన్నను వీలుపడదు. మన వారి ఇల్లు అట్లుండదు. ముందు భాగమున ఒక మడిగె కావలెను. తల్లిదండ్రులకు క్రింద గది కావలెను. కుమారుని పెండ్లి నాటికి పై అంతస్తు లేవవలెను. అందులకై పిల్లర్ల సలాకలు పైకి వదలిపెట్టుదురు. వానిని పలుచని సిమెంటు కాంక్రీటుతో కప్పవలెనని తెలిసియు కప్పనివారే ఎక్కువ. పదేండ్లు వానలో తుప్పు పట్టిన సలాకపై పై అంతస్తు మోపుట ప్రమాదకరము. ఈ చిన్న పని ఉచితముగా చేసియిచ్చు నిర్మాతను ఆ కుటుంబము రెండవ అంతస్తుకు తప్పక పిలుచును.

మూడవది నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది: నేల, నీరు ఎరుగుట.

ఇక్రిశాట్‌కు పటాన్‌చెరులోని స్థలము అనుకూలమగుటకు ఒక కారణము, అక్కడ నల్లరేగడి, ఎర్రనేల రెండును ప్రక్కప్రక్కనే యుండుట. వ్యవసాయ శాస్త్రజ్ఞునికి వరమైన ఆ సంగతి ఇల్లు కట్టువానికి పరీక్ష. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించి నెరలు విచ్చును. ఎర్రనేలలో సరిపోయిన పునాదిని నల్లరేగడిలో వేసినచో రెండు మూడేండ్లలో గోడ మూలలనుండి బీటలు వారును. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ ఇట్టి నేలలకై అడుగున ఉబ్బెత్తుగల స్తంభపు పునాదులను అభివృద్ధి పరచినది. వాన, ఎండల ప్రభావము తాకని లోతునకు, సాధారణముగా 3.5 మీటర్లకు తగ్గకుండ, గుంత త్రవ్వి, అడుగున దానిని రెండున్నర రెట్లు వెడల్పు చేసి కాంక్రీటు పోయుదురు. ఏ సందులో ఎర్రనేల ముగిసి నల్లనేల ఆరంభమగునో, ఏ ప్లాటు పూర్వము కుంటయై పూడ్చబడినదో ఇరువది యేండ్లు ఇక్కడ గుంతలు త్రవ్వించిన మేస్త్రీకి కంఠస్థము. పెద్ద సంస్థ అదే విషయమును నేల పరీక్ష చేయించి తెలిసికొనును. మేస్త్రీ చేయవలసిన దల్లా తన జ్ఞానమునకు ఒక పరీక్షా పత్రమును జోడించుట.

నీటి సంగతి మరింత గంభీరము. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలములు వాగులలో కలిసి, నక్కవాగు ద్వారా మంజీర వైపునకు సాగిన చరిత్ర అందరెరిగినదే. 1990లో ఆ విషయము సుప్రీం కోర్టు వరకు పోయినది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధికేంద్రము ఏర్పడినది. వాగు ఒడ్డు గ్రామములలో బోరుబావుల నీరు చెడినదని త్రాగువారు, పొలము దున్నువారు ఆవేదన చెందిరి. ఆ నీటితో కలిపిన కాంక్రీటు గతి ఏమి? దీనిని అడిగినవారు తక్కువ. భారత ప్రమాణము ఐ.ఎస్. 456 ప్రకారము కాంక్రీటులో కలుపు నీటి పి.హెచ్. 6కు తగ్గరాదు, సలాకలున్న కాంక్రీటుకు వాడు నీటిలో క్లోరైడులు లీటరునకు 500 మిల్లీగ్రాములను, సల్ఫేటులు 400 మిల్లీగ్రాములను మించరాదు. క్లోరైడు మించినచో పైకి గోడ బాగుగనే యుండును, లోపల సలాక తుప్పుపట్టి ఉబ్బుచుండును. ఏడెనిమిది యేండ్లకు స్లాబు క్రింది పెచ్చులు రాలును. అప్పటికి మేస్త్రీని తిట్టుదురు గాని బోరును తిట్టరు.

ఒక వృద్ధ సుతారి నాతో అన్న మాట ఇది: “ఆ బోరు నీళ్ళు నోట్ల పోసుకొని ఉమ్మేస్తం సార్. నాలుక మీద పట్టితే స్లాబుకు వద్దంటం, ట్యాంకర్ తెప్పియ్యిమంటం.” నాలుక పరీక్ష ఎంత అనుభవముతో కూడినదైనను 500 మిల్లీగ్రాములను కొలువలేదు. ఒక సీసా నీటిని ప్రయోగశాలలో పరీక్షించుటకగు ఖర్చు ఇంటి ఖర్చులో లెక్కకు రానిది. ఆ కాగితమును యజమాని చేతిలో పెట్టు చిన్న నిర్మాతకు ఈ ప్రాంతములో పేరు రాకుండునా?

నీరు కలుపుటలోను, పోయుటలోను గూడ ఇట్లే. ఎం-20 అను సాధారణ మిశ్రమమునకు అదే ప్రమాణము 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీరు వలదనుచున్నది. పనివాడు పారతో లాగుటకు సులభమని ఇంకొక బకెట్ పోయును. ఆ బకెట్టే స్లాబు బలమును తినివేయును. తడుపుట మామూలు సిమెంటుకు 7 దినములు, బూడిద కలిసిన సిమెంటుకు 10 దినములకు తక్కువ కారాదు. మన ఎండలకు 14 దినములు మేలు. ఇప్పుడు బజారులో దొరకునది ఎక్కువగా ఆ రెండవ రకమే. పెద్ద కట్టడములో ఈ పని గుత్తకు తీసికొన్నవాని క్రింది గుత్తవాని కూలీ చేతిలో నుండును. చిన్న ఇంటి వద్ద నిర్మాత తానే ఉదయము వచ్చి చూడగలడు. చూడని చిన్న నిర్మాతకు పోటీ మాట ఎత్తు హక్కు లేదని నా అభిప్రాయము.

ఇంత బలముండియు చిన్నవాడు ఓడిపోవుచున్న దెక్కడ? నా అనుభవము చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను ఒక చిన్న ఇల్లు కట్టించుకొంటిని. కట్టినవాని పేరు అక్కరలేదు, మంచి పనివాడు. చదరపు అడుగునకింత అని నోటిమాటగా కుదుర్చుకొంటిమి. స్లాబు వరకు అన్నదమ్ములవలె నుంటిమి. తరువాత మొదలైనది. మెట్ల క్రింది భాగము అడుగులలో చేరునా, చేరదా? నీళ్ళ సంపు రేటులో నున్నదా, అదనమా? పిట్టగోడ ఎన్ని అడుగులు? ప్రహరీ గోడకు రెండు వైపుల పూత ఎవరి ఖర్చు? ప్రతిదానికి ఆయన జ్ఞాపక మొకటి, నా జ్ఞాపక మొకటి. ఇరువురిలో ఎవ్వరును అబద్ధమాడలేదని నేడు నాకు తోచును. కాని గృహప్రవేశము నాటికి మా నడుమ మాటలు లేవు. ఇల్లు నేటికిని ఒక్క బీట లేక నిలిచియున్నది. అయినను మా సహాధ్యాపకులు ముగ్గురు ఇల్లు కట్టించుకొనుటకు మంచి మనిషి ఎవరని అడిగినప్పుడు నేను ఆయన పేరు చెప్పలేదు. వారిలో ఇద్దరు పెద్ద సంస్థల ఫ్లాట్లు కొనిరి. ఆయన పోగొట్టుకొన్నది పనితనము వలన కాదు, నాలుగు పుటల కాగితము లేక.

పెద్ద సంస్థ ఆ కాగితమును రంగుల పుస్తకముగా అచ్చువేసి యిచ్చును. అందులో సిమెంటు పేరు, సలాక తరగతి, పలక రాయి కొలత, స్విచ్చుల సంఖ్య సర్వము నుండును. కొనువాడు మేలిమి చూచి కాదు, స్పష్టత చూచి అటు మొగ్గును. చిన్నవాడు వ్రాయవలసినది అంతకంటె సులభము: ఏది రేటులో చేరును, ఏది చేరదు, ఏ దశలో ఎంత చెల్లింపు, ఎప్పటికి ముగింపు, జాగైనచో ఎవరేమి భరింతురు. రెరా చట్టము పెద్దవారిపై మూడు బాధ్యతలు మోపినది. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతము ప్రత్యేక ఖాతాలో నుంచవలెను. స్వాధీనము చేసిన నాటి నుండి 5 యేండ్లలోపు కట్టడపు లోపములను ఉచితముగా సరిచేయవలెను. ఆలస్యమునకు వడ్డీ ఇయ్యవలెను. చిన్నవానికి నమోదు మినహాయింపు గలదు. కాని ఆ ఐదేండ్ల హామీని తానై వ్రాసియిచ్చుటకు ఆయనను ఆపువారెవరు? ఐదేండ్లు నిలువదని అనుమానమున్న ఇంటిని కట్టనే రాదు గదా.

స్థలపు పత్రముల విషయములో ఉపేక్ష మరింత చేటు. 2024లో చెరువుల రక్షణ పేర హైడ్రా సంస్థ అమీన్‌పూర్ మండలములో కట్టడములను కూల్చినప్పుడు, కొన్నవారి కన్నీరు మనమందరము చూచితిమి. 2012 నాటి నిబంధనలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు నిండు నీటిమట్టము నుండి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు ఖాళీ విడువవలెనని చెప్పుచున్నవి. స్థలము చెరువు శిఖమా, ప్రభుత్వ భూమియా అని చూడకుండ కట్టిన చిన్న నిర్మాత ఒక్క ఇంటితో తన పేరును, పరుల జీవితకాలపు సంపాదనను ముంచును. పెద్దవారు మాత్రము ఈ దోషమునకు అతీతులని అనుకొనరాదు. అమీన్‌పూర్‌లోనే తలపెట్టిన ఒక బహుళాంతస్తుల పథకములో అనుమతులు రాకమునుపే వందలాది కుటుంబముల నుండి సొమ్ము వసూలు చేసిరన్న ఆరోపణపై ఆ సంస్థ అధిపతిని 2022 డిసెంబరులో పోలీసులు అరెస్టు చేసిరి. పెద్ద ఫలకము నమ్మకమునకు హామీ కాదని ఆనాడు తెలిసినది. ఆ నమ్మకము తిరిగి చిన్నవానివైపు మరలుటకు అదను అదియే, అందుకొన్నవారు తక్కువ.

ఒంటరిగా ప్రతివాడు అన్నియు చేయలేడు గదా అందురు. నిజమే. వైబ్రేటరు, మిక్సరు, ఇనుప సెంట్రింగు పలకలు ఒక్కొక్కరు కొనుట వృథా. పదిమంది కలిసి కొన్నచో ఏడాది పొడుగున ఖాళీ యుండవు. కేరళలోని వడకర సమీపమున 1925లో వాగ్భటానంద అను సంస్కర్త ప్రభావముతో కొందరు పేద కూలీలు ఊరాలుంగల్ కార్మిక గుత్త సహకార సంఘమును స్థాపించిరి. రోడ్డు పనులతో మొదలైన ఆ సంఘము నేడు వంతెనలు, పెద్ద భవనములు కట్టుచు, పెద్ద కంపెనీలతో సమానముగా గుత్తలు దక్కించుకొనుచున్నది. పనివారే దానికి సభ్యులు. మన వారు ఒక్కమారు సహకార సంఘము పెట్టవలెనని నేననను. మన ప్రాంతపు సహకార సంఘముల అనుభవము అంత తీయగా లేదు. పలకలు, వైబ్రేటరు పంచుకొనుటకు సంఘము పేరు కూడ అక్కరలేదు.

ఏమియు చేయకున్న ఏమగును? బ్రిటను చూడుడు. 1988లో అచ్చటి ప్రతి పది క్రొత్త ఇండ్లలో నాలుగింటిని చిన్న నిర్మాతలు కట్టిరి. 2017 నాటికి వారి వాటా సుమారు 12 శాతమునకు దిగినది. వారు చేతకానివారై పోలేదు. అప్పు పుట్టక, స్థలము దొరకక, అనుమతుల జాప్యము తట్టుకొనలేక పోయిరి. 2008 నాటి ఆర్థిక సంక్షోభము తరువాత మరి లేవలేకపోయిరి. పోయిన వారితో వారు పని నేర్పవలసిన కుర్రవాండ్రు కూడ పోయిరి. మన సందులలో సుతారి వద్ద తాపీ పట్టుట నేర్చుకొను బాలుడు రేపు ఎవరి వద్ద నేర్చుకొనును?

మన కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన వాణిజ్య విద్యార్థులకు ప్రాజెక్టు పని పేర పుస్తకములలోని లెక్కలను తిరిగి వ్రాయించుటకు బదులు, ఒక్కొక్కరు ఒక చిన్న నిర్మాత లెక్కను ఒక్క ఇంటికి వ్రాయునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఖర్చేమియు లేదు. ఒప్పంద పత్రపు నమూనాను తెలుగు, ఉర్దూ రెండింటను సిద్ధము చేసి పంచవచ్చును.

ఆ విద్యార్థి సంగతి చెప్పి ముగించెదను. అతని తండ్రి కంపెనీ పని ఇంకను మానలేదు. కాని పోతిరెడ్డిపల్లి వైపు ఒక ఉపాధ్యాయుని నూట ముప్పది గజముల స్థలములో ఇల్లు ఒప్పుకొన్నాడు. ఆదివారములు, సాయంకాలములు తాను చూచును. మిగిలిన వేళల తమ్ముడు నిలుచును. కుమారుడు ఒప్పందమును ఐదు పుటలలో వ్రాసినాడు, రెండు భాషలలో. సంపు ఎన్ని లీటర్లో, పిట్టగోడ ఎన్ని అడుగులో అందులో నున్నది. చెల్లింపు దశలు బ్యాంకు పత్రమును చూచి వ్రాసినవే. మొన్న కళాశాలకు ఆలస్యముగా వచ్చినందుకు కారణము అడిగితిని. బోరు నీటి సీసా పరీక్షకు ఇచ్చి వచ్చినాననెను.